నాలుగో నంబరు కాపలా అద్దం

ఆ వీధిలో ఆమెను అద్దాలమ్మ అనేవాళ్ళు. ఇంటి కింది గదిలో కూర్చుని అద్దాలు కోసేది గనక ఆ పేరు. ఆమె తోటికోడలు పటాలకు చెక్క చట్రాలు కోసేది. ఆవిడకు వీధి ప్రత్యేకంగా పేరేమీ పెట్టలేదు, చిన్నమ్మ అనేది అంతే. అన్నదమ్ములిద్దరు కలిసి పెట్టిన కొట్టు అది. అన్నదమ్ములు ఒకరి వెనక ఒకరు పోయారు, కొట్టూ తోటికోడళ్ళూ మిగిలారు. ఒకామె చేసిన చట్రంలో మరొకామె కోసిన అద్దం వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చునేది. మాటలు మాత్రం అలా కూర్చునేవి కావు. పొద్దున టీలో చక్కెర దగ్గర మొదలైన తగువు, పడుకునేముందు దీపం ఎవరు ఆర్పాలనే దాకా సాగేది. ఉప్పూ నిప్పూ ఒకే గూట్లో ఎలా కాపురం చేస్తున్నాయో అని వీధి నవ్వుకునేది. నవ్వేవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. భర్తలు పోయిన ఈ పదకొండేళ్ళలో ఆ ఇద్దరూ ఒక్క రాత్రి కూడా వేరువేరు కప్పుల కింద పడుకోలేదు.

ఇంటి వెనక నేల ఏటవాలుగా దిగిపోయి కింద రోడ్డులో కలుస్తుంది. ఆ రోడ్డును వెడల్పు చేయాలని నిర్ణయం జరిగింది. వాలును నిట్టనిలువుగా కోయాలి, కోసినచోట మట్టి జారకుండా రెండు నిలువుల ఎత్తు కాంక్రీటు గోడ కట్టాలి. కోత ఇంటి వెనకగోడకు నాలుగడుగుల దగ్గరికి వస్తుంది. ఈ మాట చెప్పడానికి ఒక ఇంజనీరమ్మాయి, ఆమె వెంట ఒక మేస్త్రి వచ్చారు. ఇంజనీరమ్మాయి కాగితం పరిచి గీతలు చూపించింది. తోటికోడళ్ళిద్దరూ కాగితం వంకా ఒకరి మొహం వంకా ఒకరు చూసుకున్నారు. అప్పుడు మేస్త్రి నేలమీద కూర్చుని సుద్దముక్కతో ఎనిమిది గడులు గీశాడు.

ఇంటి పొడవునా ఉన్న మట్టిని ఇలా ఎనిమిది గడులుగా అనుకుంటామనీ, ముందు ఒకటీ నాలుగూ ఏడూ మాత్రమే తవ్వి, వాటిలో గోడ పోసి, అది గట్టిపడ్డాకే రెండూ అయిదూ ఎనిమిదీ ముట్టుకుంటామనీ, చివరికి మూడూ ఆరూ అనీ చెప్పాడు. పక్కపక్క గడులు ఒకేసారి తెరిస్తే ఇంటికి కాళ్ళు తీసేసినట్టేనన్నాడు.

"పళ్ళు పీకే డాక్టరు కూడా అన్నీ ఒక్కరోజే పీకడు కదమ్మా. పీకితే ఆ పూట తినేదేంటి?"

"మా అక్కకి పీకినా పర్వాలేదులే, చిగుళ్ళతో కూడా కరుస్తుంది" అంది చిన్నమ్మ.

మేస్త్రికి ఆ ఇల్లు అప్పుడే నచ్చింది. వెనకగోడలో పాత నెర్రెలు ఏడు ఉన్నాయి. ఒక్కో నెర్రెకు అడ్డంగా వేలెడు వెడల్పు, జానెడు పొడవున్న పల్చటి అద్దం ముక్క పెట్టి, రెండు కొసలూ ప్లాస్టర్ పిండితో గోడకు అతికించాలన్నాడు. గోడ కదిలితే మనిషి కంటికి ఆనదు, అద్దం వంగలేదు గనక ఠక్కున పగులుతుంది. వాటిని అతను కాపలా అద్దాలనేవాడు. తన దగ్గర ముక్కలు అయిపోయాయంటే, అద్దాలమ్మే రెండు మిల్లీమీటర్ల అద్దం తీసి, వజ్రం కలంతో గీసి ఏడు ముక్కలూ క్షణంలో విరిచి ఇచ్చింది. మేస్త్రి వాటిని అతికించి, ఒక్కోదాని మీద నల్లసిరా పెన్నుతో నంబరూ, తేదీ పదిహేడు అనీ రాశాడు. నాలుగో నంబరు వెనక గదిలో, అద్దాల పలకలు నిలబెట్టే చట్రాల వెనకకు వచ్చింది.

వెళ్ళబోతూ ఇంజనీరమ్మాయి అసలు మాట చెప్పింది. ఏడింటిలో ఏ ఒక్కటి పగిలినా పని ఆగుతుంది. గోడకు ఊతాలు పెడతారు. ఇల్లు మాత్రం ఖాళీ చేయాల్సిందే, మొత్తం గోడ పూర్తయ్యి వెనక మట్టి కూరేదాకా, అంటే మూడు నెలలు.

మూడు నెలల సంగతి పిల్లలు ఫోన్లో ఆ సాయంత్రమే తేల్చేశారు. అద్దాలమ్మ కొడుకు ఉండేది రెండు గంటల ప్రయాణం దూరంలో, చిన్నమ్మ కూతురు ఉండేది అందుకు సరిగ్గా ఎదురు దిక్కున. ఇద్దరి ఇళ్ళలోనూ ఒక్కొక్క మంచమే ఖాళీ. అవసరం పడితే అమ్మ నా దగ్గర, పిన్ని చెల్లి దగ్గర, మూడు నెలలేగా అన్నాడు కొడుకు. చిన్నమ్మ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. అద్దాలమ్మ సరే అంది.

మూడు నెలలేగా అన్న మాట ఆమెకు గుండెల్లో రాయి పడ్డట్టు పడింది. చిన్నప్పుడు అక్కను మేనత్త ఇంటికి పంపుతూ నాన్న పదిరోజులేగా అన్నాడు. అక్క అక్కడే పెరిగింది, అక్కడే పెళ్ళాడింది. మళ్ళీ కలిసిననాడు అక్కాచెల్లెళ్ళకు ఒకరినొకరు మీరు అనాలో నువ్వు అనాలో తెలియలేదు. భర్త ఆసుపత్రికి వెళుతూ, సాయంత్రానికల్లా వచ్చేస్తా, ఆ పెద్ద పలక ఒక్కదానివే ఎత్తకు అన్నాడు. మనుషులు పెద్ద మాటలు చెప్పి విడిపోరు, చిన్న మాటలు చెప్పి చెప్పులు వేసుకుంటారు. చిన్నమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి, ఆవిడకు అరవై మూడు. ఈ వయసులో కూతురింట మంచం అలవాటయ్యాక చిన్నమ్మ మళ్ళీ ఈ మెట్లెక్కుతుందన్న నమ్మకం ఏమిటి? ఏది ఏమైనా ఆ అద్దాలు పగలకూడదని అద్దాలమ్మ గట్టిగా అనుకుంది. అద్దాల మీద అంత గట్టిగా అనుకోకూడదని, అన్నేళ్ళు అద్దాలతో బతికిన మనిషికి తెలియక కాదు.

తవ్వకం మొదలైన ఆరో రోజు పొద్దున్నే ఆమె వెనక గదిలోకి టార్చి పట్టుకుని వెళ్ళింది. నాలుగో నంబరు నడిమధ్య పగిలి ఉంది.

చాలాసేపు చూసింది. తలుపు ఎవరో దబ్బున వేసి ఉంటారనుకుంది. పలకలు జరిపినప్పుడు దేని మూలో తగిలి ఉంటుందనుకుంది. అయినా పగిలింది అద్దమేగాని గోడ కాదు కదా అనుకుంది. ఇన్ని అనుకున్నాక చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. అదే పలకలోంచి ఇంకో ముక్క కోసింది. పాతది చాకుతో లేపి తీసింది. టీ గ్లాసులో ప్లాస్టర్ పిండి కలిపి కొత్తది అతికించింది. మేస్త్రి రాసినట్టే నాలుగు వేసి, తేదీ పదిహేడు అని రాసింది. పిండి ఆరేలోగా గ్లాసు కడిగి బోర్లించింది.

ఎనిమిది గంటలకు మేస్త్రి వచ్చి ఏడూ చూసుకుని, నాలుగు కూడా బాగుందమ్మా అని అరిచి వెళ్ళాడు. తేలుకుట్టిన దొంగలా ఆమె వజ్రం కలం పట్టుకుని కూర్చుంది. ఆ రోజు కోసిన మూడు అద్దాలూ వంకర పోయాయి. చిన్నమ్మ ఆ వంకర చూసింది, ఏమీ అనలేదు. అనకపోవడమే వింత, కాని తన భయంలో ఉన్న అద్దాలమ్మ ఆ వింతను గమనించలేదు.

ఒకటీ నాలుగూ ఏడూ గడుల్లో ఊచలు కట్టారు, కాంక్రీటు పోశారు, రోజూ నీళ్ళు పెట్టారు. అద్దాలమ్మ రోజుకు పదిసార్లు వెనక గదిలోకి వెళ్ళి వచ్చేది. కొత్త ముక్క నిలిచింది. రోజులు గడిచేకొద్దీ తాను చేసింది తప్పు కాదేమో, ఇంటికి కాస్త ఓపిక పట్టమని చెప్పడమేనేమో అని కూడా అనిపించింది. పదకొండో రోజు సాయంత్రం అయిదో గడి సగం తవ్వి వెళ్ళారు.

పన్నెండో రోజు పొద్దున టార్చి వెలుగులో కొత్త ముక్క పగిలి కనిపించింది. ఈసారి రెండు సగాలూ ఒక వరసలో లేవు. కింది సగం వెనక్కి, పల్లం వైపు ఒరిగింది.

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. ఇంకో ముక్క కోసింది. కోసిన ముక్క చేతిలో పెట్టుకుని తిరిగి వచ్చి, అతికించే ముందు దాన్ని అంచువైపు తిప్పి నెర్రెలోకి దోపి చూసింది. ఎందుకు చూసిందో ఆమెకే తెలియదు. అద్దం మందాన్ని అంచు తడిమి చెప్పే చెయ్యి అది, ఊరికే ఉండలేదు. మొన్న గోరు కూడా పట్టని నెర్రెలో రెండు మిల్లీమీటర్ల అద్దం గాలిలోకి పోయినట్టు పోయింది. బల్ల మీంచి మూడు మిల్లీమీటర్లది తెచ్చింది. అదీ దూరింది, బిగువుగా. నాలుగుది దూరలేదు.

కింద తవ్వే బండి ఇంజను మొదలైంది. గదిలో నిలబెట్టిన పలకలన్నీ సన్నగా మోగాయి.

పైన చిన్నమ్మ నడుస్తున్న చప్పుడు వినిపించింది. మోకాళ్ళ నొప్పితో ఒక కాలు ఈడ్చి ఇంకో కాలు వేసే ఆ నడక సరిగ్గా ఆ వెనకగోడ పక్కనే, స్టవ్వు దగ్గరికి వెళ్ళి ఆగింది. విడిపోకూడదని తాను పెట్టిన ముక్క మనిషినే తీసుకుపోయేలా ఉందని అద్దాలమ్మకు అప్పుడు అర్థమైంది. చేతిలోని ముక్కను పక్కన పెట్టింది. వీధి చుట్టూ తిరిగి దిగడానికి టైము లేదు. కూలీలు దిగే నిచ్చెన మెట్టు మెట్టుకీ కాలితో వెతుక్కుంటూ దిగి, బురదలో నడిచి, బండి తొట్టికీ మట్టికీ మధ్య నిలబడింది.

డ్రైవరు ఇంజను తగ్గించి, తొట్టి తిరిగేచోట నిలబడొద్దని చెప్పాడు. ఆమె కదల్లేదు. మేస్త్రి, ఇంజనీరమ్మాయి పరుగెత్తుకొచ్చారు.

"నాలుగో అద్దం పగిలింది" అంది అద్దాలమ్మ.

"నిన్న పొద్దున చూశాను కదమ్మా, శుభ్రంగా ఉంది."

"నువ్వు చూసింది నేను పెట్టిన ముక్క. నువ్వు పెట్టింది పగిలి ఇవాళ్టికి ఆరు రోజులైంది. నాలుగో గడి తవ్వినప్పుడే పగిలింది. తీసి, కొత్తది కోసి, నీ రాత రాసి పెట్టాను. ఇవాళ అదీ పగిలింది."

ఇంజనీరమ్మాయి మొహం పాలిపోయింది. ఆ ముక్క నమ్మే కదా తాను అయిదో గడికి అనుమతి ఇచ్చింది. మీరు మమ్మల్ని మోసం చేశారని అంది. అద్దాలమ్మ చేశానని ఒప్పుకుంది. ఎందుకో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మేస్త్రి మాత్రం తిట్టడానికి నోరు తెరిచి, మనసు మార్చుకుని ఒక్కటే అడిగాడు.

"ఎంత తెరుచుకుంది?"

"మూడు మిల్లీమీటర్ల అద్దం దూరింది. నాలుగు దూరలేదు. కింది సగం పల్లం వైపు ఒరిగింది."

అంత కచ్చితంగా చెప్పే మనిషి దొరికినందుకు సంతోషించాలో, ఆరు రోజులు దాచినందుకు ఏడవాలో తెలియనట్టు అతను ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి కేకలు మొదలుపెట్టాడు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళెవరూ కూర్చోలేదు. ముందు బండి, తవ్విన మట్టినే మళ్ళీ అయిదో గడిలోకి తోసింది. దాని ముందు ఇసుక బస్తాలు మెట్లు మెట్లుగా పేర్చారు. తవ్విన చేతులతోనే పూడ్చడం ఏ కూలీకీ ఇష్టముండదు, అయినా ఒక్కరూ సణగలేదు. ఇంజనీరమ్మాయి తూకం గుండు కట్టిన దారం గోడ పైనుంచి వేలాడదీసి, దారానికీ గోడకూ మధ్య దూరం పావుగంటకోసారి కొలిచి చేతిమీదే రాసుకుంది. చిన్నమ్మను కిందికి దింపి వీధివైపు అరుగుమీద కూర్చోబెట్టారు.

ఊతాలకని పెద్ద దుంగలు మొదటి రోజే తెచ్చి రోడ్డువారన పడేసి ఉన్నాయి. అద్దం పగిలితే వాడదామని తెచ్చినవి, పగిలినట్టు ఎవరికీ తెలియక అలాగే ఉండిపోయినవి. వాటి పైకొసలు గోడకు ఆనడానికి గోడమీద నిలువు చెక్కపలక బిగించాలి. ఆ పలక పైకి జారకుండా గోడలో ఒక్కో ఇటుకంత బెజ్జాలు చేసి గట్టి చెక్కమేకులు దింపాలి. బెజ్జాలు పడేది వెనక గదిలోకి. ఆ గదినిండా అద్దాలు. పైగా ఆ అద్దాల బరువంతా వెనకగోడకే ఆని ఉంది. సగం సరుకు ముందు గదిలోకి జరపమని మేస్త్రి మొదట్లోనే చెప్పాడు. రేపు రేపని వాళ్ళు జరపలేదు.

"గంట పడుతుందా?" అన్నాడతను.

"గంటలో అవుతుంది. నేను చెప్పినట్టు చేస్తే."

పైవీధిలో ఇస్త్రీ చేసే ఆయన, ఆయన కొట్టుకు వచ్చినవాళ్ళు, పది మంది కూలీలు వరసగా నిలబడ్డారు. అద్దాలమ్మ ఒక్కొక్కరి చేతికీ గుడ్డపీలికలు ఇచ్చింది. అద్దాన్ని పడుకోబెట్టి మోయొద్దని, పసిపిల్లలా కాదు, పెళ్ళికొడుకులా నిలబెట్టి నడిపించుకు వెళ్ళమని చెప్పింది. జారితే పట్టుకోవద్దు, వదిలేయండి అంది. పట్టుకుంటే వేళ్ళు పోతాయి, అద్దాలు మళ్ళీ వస్తాయి. పలకలు ఆకాశాన్ని, గోడల్ని, జనం మొహాల్ని చూపించుకుంటూ ఒకదాని వెనక ఒకటి వీధిలోకి వెళ్ళాయి. రెండు పగిలాయి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. యాభై నిమిషాల్లో గది ఖాళీ అయింది. ఖాళీ గదిలో నెర్రె ఇప్పుడు నేల నుంచి నడుం ఎత్తు దాకా నిలువునా కనిపించింది.

దుంగల పైకొసలు ఆనాయి. కిందికొసల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. దుంగకూ అది ఆనే కింది దిమ్మెకూ మధ్య వాలుగా కోసిన చెక్కలు జతజతలుగా దోపి బిగించాలి. ఆ చెక్కలన్నీ కాంక్రీటు పోసే అచ్చుపలకలకు వాడేశారు. తెప్పించాలంటే రెండు గంటలు. మెత్త కర్రతో చేస్తే నలిగిపోతాయి.

ఈ మాట ఎవరో వీధిలో అనుకుంటుంటే చిన్నమ్మ విన్నది. ఎంత వాలు కావాలో కనుక్కురమ్మంది. జానెడు పొడవుకి వేలెడు ఎత్తు అని కబురొచ్చింది. పెద్ద పటాల చట్రాలకని దాచిన గట్టికర్ర బయటికి తీయించుకుని, అరుగుమీదే కాళ్ళు చాపి, రంపం పట్టి కోయడం మొదలుపెట్టింది. అరుగు ముందు ఇస్త్రీ ఆయన ఒక కొస పట్టుకున్నాడు. కోస్తూనే ఆయనతో ఏదో మాట్లాడింది, ఆయన తల ఊపాడు. మధ్యాహ్నానికి పదహారు చెక్కలు కోసింది. ఒకదాని వాలు మీద ఒకటి పెడితే మధ్యలో వెలుతురు దూరలేదు.

మేస్త్రి వాటిని తిప్పి తిప్పి చూశాడు. "అమ్మా, ఇవి మట్టిలో పెట్టాలంటే మనసొప్పడం లేదు."

"పెట్టు బాబూ. పటాలకి పెడితే మాత్రం ఏమైంది, అందరూ బొమ్మనే చూస్తారు."

కింద ఒక కూలీ సుత్తి ఎత్తి చెక్కను బలంగా కొట్టబోతే మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. అటొక దెబ్బ ఇటొక దెబ్బ, తట్టినట్టు వేయించాడు.

"నెట్టకు. ఊతం గోడని నెట్టకూడదు. అది ఒరిగితే, నేనున్నానని తగలాలి, అంతే."

నిచ్చెన దగ్గర నిలబడ్డ అద్దాలమ్మ ఆ మాట విన్నది.

నాలుగు దుంగలూ బిగిసేసరికి సాయంత్రం నాలుగు దాటింది. మేస్త్రి నెర్రెకు అడ్డంగా కొత్త ముక్క పెట్టి తానే నంబరు వేశాడు. ఇంజనీరమ్మాయి చేతిమీది లెక్కలు చూసుకుని, రెండు గంటలుగా దారానికీ గోడకూ మధ్య దూరం మారలేదని చెప్పింది. ఇల్లు నిలబడుతుందా అని ఎవరో అడిగితే మేస్త్రి, ఈ పూటకి నిలబడింది, రేపటి మాట రేపు అన్నాడు. మాట ఇచ్చే రకం కాదతను. ఇక మీరు ఖాళీ చేయాలమ్మా, చీకటి పడేలోగా అంది ఇంజనీరమ్మాయి. కోపంగా అనలేదు. ఆ మెత్తదనమే అద్దాలమ్మకు ఎక్కువ కష్టమనిపించింది.

కబురందుకున్న కొడుకు చిన్న వ్యాను మాట్లాడుకుని వచ్చాడు. అమ్మ బట్టల పెట్టె ఎక్కించాడు. చిన్నమ్మ కూతురు ఫోన్ చేసి, పెద్దమ్మను పంపాక అమ్మను రైలెక్కించమని, స్టేషనుకు తాను వస్తానని చెప్పింది. అంతా పద్ధతిగా, ప్రేమగానే జరిగిపోతోంది. పొద్దున తాను చేసిన పని ఊరంతా తెలిసిపోయింది, ఇక నోరెత్తే హక్కు తనకేముంది అనుకుంటూ అద్దాలమ్మ వ్యాను దాకా వెళ్ళింది. కొడుకు తలుపు తీసి పట్టుకున్నాడు.

మూడు నెలలేగా అన్నాడు.

ఆమె తలుపు మూసింది. అరుగు దగ్గరికి తిరిగి వచ్చింది. చిన్నమ్మ ఒళ్ళోని రంపపుపొట్టు దులుపుకుంటోంది. అన్నేళ్ళలో ఎన్నడూ అనని మాట అనడానికి అద్దాలమ్మకు నిచ్చెన దిగినప్పటికన్నా ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది.

"నేను నిన్ను విడిచి వెళ్ళను. అందుకే ఆ ముక్క మార్చాను. ఇంటి కోసం కాదు. నువ్వెళితే మళ్ళీ రావని."

చిన్నమ్మ తల ఎత్తకుండా పొట్టు దులుపుతూనే ఉంది.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు ఏడు రాస్తే దాని నడుముకి అడ్డగీత పెడతావు. మేస్త్రి పెట్టడు. ఆ రోజు నేను పలకల వెనక చూశాను, పదిహేడులో ఏడుకి గీత ఉంది. అతనొచ్చే లోపల వేలు తడి చేసి తుడిచేశాను."

అద్దాలమ్మ అరుగుమీద ఆమె పక్కన కూర్చుంది.

"గోడ పడితే నువ్వు కదే ముందు పోయేది."

"పడుతుందని నాకేం తెలుసు. నీకే తెలియలేదు, అద్దాల మనిషివి. నన్ను కర్ర సంగతి అడుగు." చిన్నమ్మ అప్పుడు తల ఎత్తింది. "ఇద్దరం తప్పే చేశాం అక్కా. వెళ్ళి ఆ ఇంజనీరు పిల్లకి నా ముక్క కూడా చెప్తాను. నీ ఒక్కదాని నెత్తినే ఉండనక్కర్లేదు."

నిజంగానే లేచి, ఒక కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి చెప్పింది. ఇంజనీరమ్మాయి ఇద్దర్నీ చూసి, ఈ ఇంట్లో ఇంకెవరైనా ఏమైనా తుడిచారా అని అడిగింది. మేస్త్రి అటు తిరిగి నవ్వాపుకున్నాడు. కొడుక్కి మాత్రం నవ్వు రాలేదు. వెళ్ళనంటే ఎక్కడ ఉంటారు, రోడ్డు మీదా అని అడిగాడు.  ఎక్కడో తెలియకుండానే వెళ్ళనని అనేసింది అద్దాలమ్మ.

"ఇస్త్రీ ఆయన పక్క గది" అంది చిన్నమ్మ. "ఆరిళ్ళు పైకి. అక్కడి నేల గట్టిదని మేస్త్రి కూడా అన్నాడు. మధ్యాహ్నమే అడిగాను."

"మధ్యాహ్నమా? నాతో చెప్పలేదేం?" అంది అద్దాలమ్మ.

"నువ్వు అడుగుతావో లేదో చూద్దామని. అడక్కుండా వ్యాను ఎక్కేదానివైతే రైలెక్కేదాన్నే. గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఎవరితో పోట్లాడతాను?"

కొడుకు ఇంకాసేపు వాదించాడు. చిన్నమ్మ కూతురు ఫోన్లో ఇంకాసేపు ఏడ్చింది. గోడకు చెప్పినా ఈపాటికి వినేదని కొడుకు అన్నాడు గానీ, ఆ రోజు ఆ గోడ పేరెత్తడం ఎవరికీ నచ్చలేదు. చివరికి అతనే బట్టల పెట్టె దింపి ఆరిళ్ళు పైకి మోశాడు. వ్యాను సాయంత్రమంతా సామాను తిప్పింది. మంచాలు రెండూ పట్టాయి, మధ్యలో మనిషి అడ్డంగా తిరిగి నడిచేంత దారి మిగిలింది. కిటికీ పక్క మంచం ఎవరిదనే దాని మీద మొదటి తగువు జరిగింది. చిన్నమ్మ గెలిచింది.

చివరికి పనిబల్ల వచ్చింది. అన్నదమ్ములు చేసిన బల్ల, ఆరడుగుల పొడవు. నిలువుగా ఎత్తి చూశారు, పక్కకి ఒరిగించి చూశారు, కాళ్ళు ముందుగా, తల ముందుగా తిప్పి చూశారు. గుమ్మం దాటి లోపలి మలుపు దగ్గర జానెడు మిగిలిపోతోంది. బయటే ఉంచి పట్టా కప్పుదామా అన్నాడు కొడుకు. వర్షానికి ఉబ్బిపోతుందని మేస్త్రి అన్నాడు. బల్ల లేకపోతే పని లేదు. రేపు పొద్దున రెండు పటాలు ఇవ్వాలి.

అద్దాలమ్మ టేపు పెట్టి కొలిచి, మలుపు కొలిచి, బల్లమీద సుద్దతో గీత గీసింది. గీత దగ్గర ఒక్క క్షణం అరచేయి ఆనించి ఉంచింది. తర్వాత చెయ్యి తీసేసింది.

"కొయ్యి" అంది.

చిన్నమ్మ వీధిలోనే మోకాలు బల్లకి ఆన్చి రంపం గీతమీద పెట్టింది. అవతలి కొస ఊగకుండా అద్దాలమ్మ రెండు చేతులతో పట్టుకుంది.